ఏ కాలపు పరుగుకు ఆ కాలపు ధర

1987లో గణపతి నవరాత్రులకు బొంబాయిలోని మా కామాఠీపుర తెలుగువాళ్ళం ఒక చిన్న సంచిక వేసుకున్నాం. అందులో ఒక పేజీ నాది. "సి.కె.నాయుడు గొప్పా, గావస్కర్ గొప్పా?" అని శీర్షిక పెట్టి కింద పట్టిక గీశాను. ఒక వైపు నాయుడు: 7 టెస్టులు, 350 పరుగులు, సెంచరీ లేదు, సగటు 25. మరో వైపు గావస్కర్: 125 టెస్టులు, 10,122 పరుగులు, 34 సెంచరీలు, సగటు 51.12. అడుగున "ఇక వాదనెందుకు?" అని ఒక్క ముక్క రాసి ముగించాను.

అందులో ఒక్క అంకె తప్పు లేదు. కానీ ఆ పేజీ రాయడం నేను చేసిన పెద్ద తప్పుల్లో ఒకటి. ఒక మనిషిని నొప్పించాను. అంతకు మించి, మళ్ళీ ఎక్కడా దొరకని సంగతులు తెలుసుకునే దారిని నా చేతులతో నేనే మూసుకున్నాను.

గావస్కర్ అంటే మాకు పక్కవీధి మనిషి. గ్రాంట్ రోడ్ స్టేషన్ దాటి పడమటి వైపు నడిస్తే తాడ్‌దేవ్‌లో, భాటియా ఆసుపత్రి దగ్గర చిఖల్‌వాడి. ఆయన పెరిగింది అక్కడే. స్టేషన్‌కు తూర్పున మా గల్లీలు. నైజాం ఇలాకా నుంచి వచ్చి ఈ నగరపు ఇళ్ళూ రోడ్లూ కట్టిన తెలుగు కూలీలను ఇక్కడివాళ్ళు కామాఠీలన్నారు, వాళ్ళు కాపురమున్న చోటు కామాఠీపుర అయింది. మా చాల్‌లో పిల్లలం టెన్నిస్ బంతి పట్టుకుంటే ప్రతివాడూ గావస్కరే.

పెద్దవాళ్ళ దేవుడు మాత్రం వేరు. నాగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో 1895లో పుట్టిన కనకయ్య నాయుడు, 1932లో లార్డ్స్‌లో భారతదేశం ఆడిన మొట్టమొదటి టెస్టుకు కెప్టెన్. మన భాష మాట్లాడే ఇంటి బిడ్డ టాస్‌కు నడిచాడన్న గర్వం వాళ్ళది. పై అంతస్తు ఖోలీలో ఉండే ఒక పెద్దాయనైతే నాయుడి పేరెత్తితే చాలు, భోజనం కూడా మరిచిపోయేవాడు. మేమంతా ఆయన్ని తాతా అని పిలిచేవాళ్ళం. పాలమూరు వైపు నుంచి తండ్రి వెంట చిన్నప్పుడే వచ్చినవాడు. 1926 డిసెంబర్‌లో బాంబే జింఖానాలో నాయుడు ఆడిన ఆటను మైదానం బయట చెట్టెక్కి చూశానని చెప్పేవాడు.

హిందూ జట్టు తరఫున, ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన వచ్చిన ఇంగ్లండ్ జట్టు ఎం.సి.సి. మీద ఆడిన ఆట అది. తెల్లవాళ్ళకు తప్ప సభ్యత్వమివ్వని క్లబ్బు మైదానంలో నాయుడు 153 పరుగులు చేశాడు, 11 సిక్సర్లు కొట్టాడు. ఎం.సి.సి. ఆయనకు వెండి బ్యాట్ బహూకరించింది. మనవాళ్ళు టెస్టు ఆడగలరన్న నమ్మకం ఆ పర్యటనతో కుదిరింది. 1928లో క్రికెట్ బోర్డు ఏర్పడింది, 1932లో లార్డ్స్ పిలుపు వచ్చింది.

సంచిక బయటికొచ్చిన మర్నాడు తాత దాన్ని పట్టుకుని కిందికి దిగాడు. నా పేజీ తెరిచి, "గీ లెక్కలన్నీ సరే బిడ్డా. గప్పుడు పిచ్ ఎట్లుండెనో రాసినవా? ఎవలు బాలింగ్ చేసిన్రో రాసినవా?" అని అడిగాడు.

"లెక్క లెక్కే కదా తాతా" అన్నాను. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు నవ్వారు. ఆయన మారు మాట్లాడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నా ముందు ఎప్పుడూ నాయుడి ఊసెత్తలేదు.

ఆయన అడిగింది ఎంత న్యాయమైన ప్రశ్నో మరుసటి వానాకాలంలో అర్థమైంది. ఆఫీసు స్నేహితుడొకడు కాంగా లీగ్‌లో ఆడుతుంటే చూడ్డానికి ఆజాద్ మైదాన్‌కు వెళ్ళాను. డాక్టర్ హెచ్.డి.కాంగా పేరిట 1948 నుంచి నడుస్తున్న ఆ లీగ్ వానల్లోనే ఆడతారు. రాత్రంతా కురిసి తెల్లారి తెరిపిచ్చింది. పిచ్ నల్లగా నాని ఉంది. బౌలర్ అడుగు జారకుండా రంపపు పొట్టు చల్లారు. ఒక బంతి పడ్డచోటే ఆగి, తీరిగ్గా లేచి గ్లవ్స్‌కు తగిలింది. సరిగ్గా అక్కడే పడ్డ తర్వాతి బంతి పాములా నేలబారున పాకి ప్యాడ్‌కు కొట్టుకుంది. బ్యాటర్ చక్కగా కవర్స్ వైపు కొట్టిన బంతి మోకాలెత్తు తడిగడ్డిలో పది గజాలు పోయి ఆగిపోయింది. ఎండాకాలమైతే అది నాలుగు పరుగులు. ఆ రోజు ఒక్కటి కూడా రాలేదు.

నా స్నేహితుడు ఇరవై చిల్లర పరుగులు చేసి ఔటయ్యాడు. గుడారం కింద కూర్చున్న పాత ఆటగాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. స్కోరు పుస్తకంలో మాత్రం అది ఎవరూ పట్టించుకోని ఇరవై చిల్లరే. మా తాతలు మిల్లులో తెచ్చిన నెల జీతం ఇవాళ ఒక పూట టిఫిన్‌కు చాలదు. అంతమాత్రాన వాళ్ళు తక్కువ కష్టపడ్డారని ఎవరూ అనరు కదా. పరుగుకూ అలాగే ధర ఉంటుంది. పిచ్‌ను బట్టి, బౌలర్‌ను బట్టి, కాలాన్ని బట్టి అది మారుతుంది. నా పట్టికలో పరుగులున్నాయి, వాటి ధర లేదు.

సాయంత్రం తాత దగ్గరికి వెళ్ళి ఈ మాట చెప్పాలనుకున్నాను. కానీ అప్పటికే ఆయన్ని కొడుకు ఊరికి తీసుకుపోయాడు. మళ్ళీ మేం కలుసుకోలేదు. ఏ చెట్టు మీది నుంచి చూశాడు, పక్కన ఎవరున్నారు, సిక్సర్ పడ్డప్పుడు లోపలి తెల్లదొరలు ఏం చేశారు, బయటి కూలీజనం ఏం చేశారు? ఇవేవీ నేను అడగలేదు. ఏ స్కోరు పుస్తకమూ వీటికి జవాబు చెప్పదు.

నాయుడి అంకెల్ని మళ్ళీ మొదటి నుంచి చదివాను. తొలి టెస్టు ఆడేనాటికి ఆయనకు 36 ఏళ్ళు. 1932 నుంచి 1936 దాకా ఆడిన ఏడు టెస్టులూ ఇంగ్లండ్ మీదే. లార్డ్స్‌లో చెయ్యి దెబ్బ తిని కూడా తొలి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశాడు. జట్టు మొత్తం 189, అందులో అందరికన్నా ఎక్కువ ఆయనవే. 1933 డిసెంబర్‌లో అదే బాంబే జింఖానాలో మన దేశంలో జరిగిన మొదటి టెస్టు. అమర్‌నాథ్ 118 పరుగుల పక్కన కెప్టెన్ చేసిన 67 ఉంది. ఫస్ట్ క్లాస్ ఆటలో 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 411 వికెట్లు. అరవై దాటాక కూడా రంజీ ట్రోఫీ ఆడాడు. నేను పట్టికలో రాసిన 25 సగటు ఆయన జీవితంలో ఒక మూల మాత్రమే. గావస్కర్ విషయంలో 21 ఏళ్ళ నుంచి 37 దాకా సాగిన నిండు యౌవనాన్ని తీసుకుని, నాయుడి నడివయసు పక్కన పెట్టి తూచాను.

ఇది తెలిశాక బుద్ధిమంతుణ్ణయ్యానా? లేదు, అవతలి గట్టు మీదికి దూకాను. రెండో తప్పు అక్కడ మొదలైంది. మా అబ్బాయి సచిన్‌ను చూస్తూ పెరిగినవాడు. వాడు సచిన్ పేరెత్తినప్పుడల్లా హెల్మెట్లు, మందపాటి బ్యాట్లు, దగ్గరికి జరిపిన బౌండరీ తాళ్ళు, కప్పి కాపాడిన పిచ్‌లు అంటూ ఏకరువు పెట్టేవాణ్ణి. పాతవాళ్ళ ముందు ఈ తరం నిలవదు పొమ్మనేవాణ్ణి. వాడు చాలా రోజులు విని ఒకనాడు అన్నాడు: "నాన్నా, సచిన్ పదహారేళ్ళకు కరాచీలో ఇమ్రాన్, వసీం, వకార్‌ల ముందుకెళ్ళాడు. అదే సిరీస్‌లో సియాల్‌కోట్‌లో ముక్కు పగిలి రక్తం కారుతున్నా క్రీజ్ వదలకుండా 57 కొట్టాడు. ఇరవై నాలుగేళ్ళు ప్రతి జట్టూ వీడియోలు ముందేసుకుని ఆయన లోపం వెతికింది. నాయుడు ఎదుర్కోని కష్టాలు ఇవి. 36 ఏళ్ళంటే ముసలితనమా? సచిన్ 37 నిండిన 2010లో 1,562 టెస్టు పరుగులు చేశాడు."

జవాబు చెప్పలేకపోయాను. తాత ముందు ఈ కాలపు కొలతతో ఆ కాలాన్ని కొట్టిపారేశాను. కొడుకు ముందు ఆ కాలపు కష్టం చూపించి ఈ కాలాన్ని కించపరిచాను. రెండుసార్లూ ఎదుటి మనిషి కళ్ళారా చూసినదాన్ని చెప్పనివ్వలేదు.

అలాగని తరాల మధ్య పోలికే దండగంటే నేనొప్పుకోను. కొలబద్దను ఆ ఆటగాడి కాలం నుంచే తెచ్చుకోవాలి, అంతే. బ్రాడ్‌మన్ 52 టెస్టుల్లో 99.94 సగటుతో ఆడాడు. ఆనాటి మేటి బ్యాటర్లు హామండ్, హెడ్లీలు కూడా వానకు తడిసే పిచ్‌ల మీదే ఆడారు, వాళ్ళ సగటు 60కి అటూ ఇటూగా ఆగింది. తోటివాళ్ళకు ఎంత ఎత్తున నిలిచాడన్నది ఏ కాలంలోనైనా చూడగలిగిన సంగతే.

ఈ కొలత మనకు నచ్చిన జవాబులే ఇవ్వదు. నాయుణ్ణి ఆయన తోటివాడైన విజయ్ మర్చంట్ పక్కన నిలబెడితే, టెస్టుల్లో మర్చంట్ సగటు 47.72, ఫస్ట్ క్లాస్‌లో 71.64. బ్యాటింగ్ లెక్కల్లో మర్చంట్ చాలా ముందున్నాడు. తాత బతికి ఉండి ఈ మాట వింటే కోప్పడేవాడేమో, కానీ ఇది నిజం. నాయుడి గొప్పతనాన్ని వెతకాల్సింది సగటులో కాదు. మూసి ఉన్న తలుపును పదకొండు సిక్సర్లతో తెరిపించడంలో ఉంది. మర్చంట్ అయినా గావస్కర్ అయినా నడిచింది ఆ తలుపులోంచే.

అసలు పట్టికలో చోటే దొరకనివాళ్ళున్నారు. పల్వంకర్ బాలూ దళితుడు, ఎడమచేతి స్పిన్నర్. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. బంతి వేయడానికి పనికొచ్చిన ఆ చెయ్యి తోటి ఆటగాళ్ళతో కలిసి తినడానికి పనికిరాలేదు. హిందూ జట్టుకు కెప్టెన్సీ ఆయనకు ఇవ్వనేలేదు. ఆయన ఆడిన రోజుల్లో మనకు టెస్టులు లేవు కనుక టెస్టు లెక్కల్లో ఆయన సున్నా కూడా కాదు. కూలీల గల్లీలో పుట్టిన నేను గొప్పవాళ్ళ పట్టిక గీస్తూ ఆయన్ని ఒక్కసారి కూడా తలుచుకోకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇప్పుడు నేనే గల్లీలో పెద్దమనిషిని. పిల్లలొచ్చి "కాకా, గావస్కర్‌ను చూసినవా?" అని అడుగుతారు. చూశాను. 1978 డిసెంబర్‌లో వాంఖడేలో వెస్టిండీస్ మీద 205 పరుగులు చేసిన రోజు నేను స్టాండ్‌లో ఉన్నాను. హెల్మెట్ లేని ఆ తల చివరి క్షణం దాకా బంతి మీంచి కదలకపోవడం, వదిలేయాల్సిన బంతికి బ్యాట్‌ను లోపలికి లాక్కోవడం ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. ఇదంతా వాళ్ళకు చెబుతాను. ఆ తర్వాత ఇంకో మాట కూడా చెబుతాను. ఆ ఏడు రాబర్ట్స్, హోల్డింగ్, గార్నర్ మన దేశానికి రాలేదు, ప్యాకర్ నడిపిన ప్రైవేటు సిరీస్ గొడవలో జట్టుకు దూరమయ్యారు. నేను చూసిన 205 కన్నా, 1983లో ఢిల్లీలో మార్షల్, హోల్డింగ్‌ల మీద ఆయన చేసిన 121 బరువైనది. దాన్ని నేను చూడలేదు, అయినా బరువు దానిదే.

ఆ మాట చెప్పడానికి నాకు ఇప్పటికీ మనసు రాదు. అయినా చెబుతాను. కళ్ళారా చూసినదాని మీద మమకారం పెరుగుతుంది, దాన్ని సరిదిద్దడానికి అంకెలు కావాలి. అంకెల్లో పిచ్ తడి, బౌలర్ వేగం, తలుపు మూసిన క్లబ్బు కనిపించవు, వాటికి చూసినవాళ్ళు కావాలి. అందుకే పిల్లలు కోహ్లీ గొప్పా, సచిన్ గొప్పా అని పోట్లాడుకుంటుంటే ఆపమనను. లెక్క రాసుకోండి, కానీ పక్కన ఒక గడి ఖాళీగా వదిలి ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి నింపండి అంటాను. వాళ్ళు ఊరికి వెళ్ళిపోకముందే అడగండి అంటాను.