మన దరఖాస్తు మన చేతులతో

నేటి యుగాన్ని కంప్యూటర్ యుగం అంటున్నారు. మా హాస్టల్లో ఏ తమ్ముణ్ణి “పెద్దయ్యాక ఏమవుతావు?” అని అడిగినా “సాఫ్ట్‌వేర్” అంటాడు. ఇంజనీరు అనే మాట కూడా కలపడు! ఆ ఆశ మంచిదే. మా అమ్మానాన్నల్లో ఎక్కువ మంది కూలికి పోయి మమ్మల్ని చదివిస్తున్నవారు. వారి కష్టం తీర్చాలని మాకూ ఉంది. అయితే మిత్రులారా, సాఫ్ట్‌వేర్ మనకు ఉద్యోగంగా కనబడటానికి చాలా ముందే దరఖాస్తుగా ఎదురవుతోంది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

ఉపకార వేతనం, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, అన్నింటికీ ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయాలి. గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో మొదలుపెట్టిన ట్రిపుల్ ఐటీలో పదో తరగతి తర్వాత ఆరేళ్ల చదువు ఉంటుంది. మా వంటివారికి అది పెద్ద తలుపు. మంచి మార్కులొస్తే ఆ తలుపు తెరుచుకుంటుందని అనుకుంటాం. మార్కులతోపాటు మన పేరు కూడా అన్ని కాగితాల్లో ఒకేలా ఉండాలన్న సంగతి చాలామందికి తెలియదు.

మా మిత్రుడొకనికి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పదో తరగతి మెమోలో పొడి అక్షరమే ఉంది. అతని ఉపకార వేతనం ఆగిపోయింది. దరఖాస్తు నింపిన నెట్ సెంటర్ అతను తన ఫోన్ నంబరే రాసుకున్నాడు కాబట్టి, వచ్చిన సమాచారం కూడా అతనికే చేరింది. మా మిత్రునికి ఏమీ తెలియలేదు. తండ్రి కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ తిరగవలసి వచ్చింది. “నా కొడుకు నాకు తెలీదా సారూ?” అని ఆయన అడిగాడట. ఆయనకు తెలుసు, ఆఫీసులో సారుకూ తెలుసు. తెలియనిది కంప్యూటర్‌కే.

ఎందుకు తెలియదు? కంప్యూటర్ దగ్గర అక్షరాలుండవు, అంకెలే ఉంటాయి. ప్రపంచ భాషలన్నింటి అక్షరాలకూ అంకెలు కేటాయించే యూనికోడ్ 1991లో వచ్చింది. అందులో మొదటి నుంచే తెలుగు ఉంది. “ఆళ్లగడ్డ” అని మనం రాసే నాలుగు అక్షరాలు యంత్రం లోపల ఎనిమిది గుర్తులు. ఒత్తు పెట్టిన ప్రతిచోటా పొల్లుకొక గుర్తు, ఒత్తుకొక గుర్తు లెక్క. కొందరు “ఆళ్లగడ్డ” అని రాస్తారు, కొందరు “ఆళ్ళగడ్డ” అని రాస్తారు. మనకు రెండూ ఒకే ఊరు. యంత్రానికి ఒక గుర్తు మారింది కాబట్టి రెండూ వేరు. 2022 ఏప్రిల్ 4న మన ఊరు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. మా అన్నల పాత సర్టిఫికెట్లలో కర్నూలు, మా కొత్త దరఖాస్తుల్లో నంద్యాల. ఈ సంగతి కూడా ఎవరో ఒకరు ప్రోగ్రాంలో రాసిపెడితేనే దానికి తెలుస్తుంది.

ఇంకో విశేషం చూడండి. ఆధార్‌లో 12 అంకెలుంటాయి. వాటిలో చివరిది మిగతా 11 అంకెలను సరిచూసే అంకె. 1969లో వెర్‌హోఫ్ అనే డచ్ గణితవేత్త చెప్పిన పద్ధతి ఇది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా యంత్రం పట్టేస్తుంది. కానీ పేరులో అక్షరం తప్పితే పట్టుకునే కాపలా లేదు. ఆ కాపలా మనమే కాయాలి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు పెద్దలు. కంప్యూటర్ ఎవరివాడూ కాదు. అయితే దానికి పని నేర్పేవాడు మాత్రం మనిషే. ఏ తేడాను పట్టించుకోవాలో, ఏ తేడాను మన్నించాలో ప్రోగ్రాం రాసేవాడే నిర్ణయిస్తాడు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడిగా ఉంటుందని, ఇంటికంతా ఒకే ఫోన్ ఉంటుందని, అది కూడా అమ్మతోపాటు పనికి పోతుందని మాకు తెలుసు. మాలోంచి ఒకడు ఆ కుర్చీలో కూర్చుంటే ఆ సంగతులు ప్రోగ్రాంలోకి వస్తాయి. సాఫ్ట్‌వేర్ అవుతామనే తమ్ముళ్లు జీతం కోసమే కాక ఇందుకోసం కూడా కావాలని మా కోరిక.

అంతవరకు చేయగలిగింది చేద్దాం. మన ఆళ్లగడ్డ శిల్పులు రాతి మీద కొలతలు గీసుకోకుండా ఉలి వేయరు. చెక్కిన పెచ్చు మళ్లీ అతకదు కదా! మనమూ “సబ్మిట్” నొక్కే ముందు ప్రతి గడి చదువుదాం. పదో తరగతిలో బడిలో పేర్ల జాబితా చూపించినప్పుడే ఆధార్ పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకుందాం. ఇంట్లోవారి ఫోన్ నంబరే ఇద్దాం. నింపిన దరఖాస్తు ప్రింటు తీసి ట్రంకు పెట్టెలో దాచుకుందాం. నెట్ సెంటర్‌కు పోయినా పక్కన నిలబడక, “అన్నా, నేను కొడతాను, నువ్వు చూడు” అని అడుగుదాం.

ఈ సంవత్సరం పెద్ద తరగతుల వాళ్లం ఆదివారాల్లో తమ్ముళ్ల కాగితాలు చూసి పెట్టాలని అనుకున్నాం. వచ్చేవారు ఆధార్, మెమో రెండూ తెచ్చుకోగలరు.