ఇరవై లక్షల పిల్లోడు, ఇరవై కోట్ల కెప్టెన్

మా వడమాలపేటలో క్రికెట్ అంటే పసుపు రంగే. చెన్నైకి పోయే రోడ్డు మీద ఊరు కదా, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చెన్నైలో ఉంటాం. మా ఆయన, మా పెద్దోడు, పక్కింటివాళ్ళు, టీ అంగడి ఆయన, అందరూ ధోనీ భక్తులే. ఈ మందలో సన్‌రైజర్స్ మనిషిని నేనొక్కదాన్నే. "చెన్నై ఇంత దగ్గర పెట్టుకుని హైదరాబాదుకు మొక్కుతావేంది?" అని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు. తెలుగువాళ్ళకని ఉండేది ఆ ఒక్క జట్టే కదండీ. గెలిచినా మనదే, ఓడినా మనదే. ఓడేది కాస్త ఎక్కువే అనుకోండి, అది వేరే సంగతి.

మ్యాచ్ మొత్తం కుదురుగా కూర్చుని చూసే యోగం మనకెక్కడిది? ఒక చెవి టీవీ మీద, ఒక చెవి కుక్కర్ మీద. అయినా పదేళ్ళకు పైగా చూస్తున్నాను కాబట్టి ఎవరి విలువ ఎంత అని నాకంటూ కొన్ని అభిప్రాయాలున్నాయి. మా ఇంట్లో వాటిని ఎవరూ వినరు. మీరన్నా వింటారని ఇక్కడ రాస్తున్నా.

2023 డిసెంబరు వేలంలో మనవాళ్ళు పాట్ కమిన్స్‌ని 20 కోట్ల 50 లక్షలకు పాడుకున్నారు. ఆ రోజు మా అత్తమ్మ టీవీ ముందు చిక్కుడుకాయలు వలుస్తా కూర్చోనుంది. చేతులెత్తి మనుషుల్ని పాడుతుంటే ఆమెకు వింతగా తోచింది. "ఏందే ఇది, సంతలో ఎద్దుల మాదిరి మనుషుల్ని పాడతా ఉండారు?" అంది. అవునత్తా, ఆటగాళ్ళను అట్లే కొంటారు అని చెప్పాను. కాసేపు చూసి, "సంతలో పళ్ళు చూసి కొంటారు గానీ, ఎద్దు సంగతి దుక్కిలో కదా తెలిసేది" అని లేచి లోపలికి పోయింది. ఐపీఎల్ గురించి ఇంతకన్నా బాగా చెప్పినవాళ్ళను నేను టీవీలో కూడా చూడలేదు.

వేలం ధర ఎట్లా పలుకుతుందో మనలాంటి ఆడవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. చీటీలు వేసే ప్రతి ఇల్లాలికీ తెలుసు. మా వీధిలో ఇరవై మందిమి నెలకు ఐదు వేలు కట్టే లక్ష రూపాయల చీటీ ఉంది. మామూలు నెలల్లో పది వేలు తగ్గించుకుని ఎవరో ఒకరు పాడుకుంటారు. జూన్ వచ్చిందంటే స్కూలు ఫీజులు, పుస్తకాలు, ముగ్గురు నలుగురు పోటీ పడతారు. ఇరవై ఐదు వేలు పోగొట్టుకునైనా తీసుకుంటారు. చీటీ అదే లక్ష. మారింది అవసరం. పాటలో పలికేది ఆ రోజు అవసరమే, వస్తువు విలువ కాదు.

మా మామిడికాయల కథా అంతే. 2025లో తోతాపురి దిగుబడి విరగకాసింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. చివరికి ప్రభుత్వం కిలో 12 రూపాయలని నిర్ణయించి, అందులో 4 రూపాయలు తాను ఇస్తామంది. కాయ తీపి తగ్గిందా? చెట్టు అదే, కాయ అదే. అందరి దగ్గరా ఉంది కాబట్టి ధర లేదు.

ఇప్పుడు క్రికెట్‌కి రండి. కమిన్స్‌ని కొన్న రోజునే మిచెల్ స్టార్క్‌ని కోల్‌కతా 24 కోట్ల 75 లక్షలకు కొనింది. సీజన్ మొదట్లో బంతికో ఫోరు ఇస్తుంటే అందరూ నవ్వారు. 2024 మే 26న చెన్నైలో ఫైనల్. అవతల మనమే. మొదటి ఓవర్లోనే అభిషేక్ శర్మ వికెట్లు ఎగరగొట్టాడు స్టార్క్. ఆ సీజన్‌లో 277, 287 కొట్టిన మన జట్టు ఆ రోజు 113కి కుప్పకూలింది. ఆ రాత్రి మా పెద్దోడి మొహం చూడాలి, వాడి చెన్నై ఆడకపోయినా వాడికే కప్పు వచ్చినట్టు! సరే, కప్పు గెలిపించినవాడికి మరుసటి ఏడు ధర పెరగాలి కదా? ఆ నవంబరు వేలంలో స్టార్క్ 11 కోట్ల 75 లక్షలకే ఢిల్లీకి పోయాడు. సగం కూడా రాలేదు. మనిషి అదే, చెయ్యి అదే. ఆ రోజు గదిలో అవసరం తక్కువ, అంతే.

ఇంకో లెక్క చెప్తాను, ఇది నా గుండెలో ముల్లు. 2024 తర్వాత మనవాళ్ళు భువనేశ్వర్‌ని, నటరాజన్‌ని వదిలేశారు. భువీ మన దగ్గర పదకొండు సీజన్లు ఆడాడు. 2016లోనూ 2017లోనూ వరుసగా పర్పుల్ క్యాప్ తెచ్చాడు. 2016లో మనకొచ్చిన ఒకే ఒక్క కప్పులో వార్నర్ బ్యాటుకు ఎంత భాగముందో భువీ బంతికీ అంతే ఉంది. నటరాజన్ మనకు పొరుగునే ఉండే సేలం జిల్లా పిల్లోడు. 2024లో మన జట్టులో అందరికంటే ఎక్కువగా 19 వికెట్లు తీశాడు. వేలంలో ఇద్దరికీ పలికింది ఒకే ధర, 10 కోట్ల 75 లక్షలు. భువీ బెంగళూరుకు పోయి, పద్దెనిమిదేళ్ళుగా కప్పు మొహం చూడని ఆ జట్టుతో కలిసి 2025లో కప్పెత్తాడు. నటరాజన్‌ని ఢిల్లీ కొనుక్కుని ఎక్కువ మ్యాచ్‌లు బెంచీ మీదే కూర్చోబెట్టింది. ఒకే ధర, రెండు బతుకులు. వాళ్ళను పంపి మనం 10 కోట్లకు తెచ్చుకున్న షమీకి ఆ సీజన్‌లో 9 మ్యాచ్‌లకు 6 వికెట్లు. మనం ఆరో స్థానంలో ఆగిపోయాం.

షమీ తక్కువవాడని కాదు నా మాట. 2023 ప్రపంచకప్‌లో ఆయన బౌలింగ్ చూసి నేనూ చప్పట్లు కొట్టాను. కానీ ఒక ఇంట్లో పదకొండేళ్ళుగా ఏ డబ్బాలో ఏముందో తెలిసిన చెయ్యిని పంపేసి కొత్త చెయ్యిని పెట్టుకుంటే, ఆ చెయ్యి ఎంత గొప్పదైనా తొలినాళ్ళలో ఉప్పు డబ్బా కోసం వెతుక్కోక తప్పదు.

అందుకే ఆటగాడి విలువ తూచడానికి నేను ధర చూడను. నావి రెండే కొలతలు.

మొదటిది, అతను లేనప్పుడు ఎంత ఖాళీ కనిపిస్తుంది? రసంలో ఇంగువ ఉన్నప్పుడు ఎవరూ దాని పేరెత్తరు. లేని రోజు మాత్రం "ఏందో తగ్గిందే" అంటారు. భువీ అట్లాంటివాడు.

రెండోది, దెబ్బ తిన్నాక మళ్ళీ బంతి అడుగుతాడా? 2024 మే 2న ఉప్పల్‌లో రాజస్థాన్‌తో మ్యాచ్ గుర్తుందా? ఆఖరి ఓవర్ భువీది. ఆఖరి బంతికి రెండు పరుగులు కావాలి. పావెల్‌ని ఎల్బీడబ్ల్యూ చేసి ఒక్క పరుగుతో గెలిపించాడు. ఆ రాత్రి నేను వేసిన కేకకు మా అత్తమ్మ పాము దూరిందేమోనని లేచి వచ్చింది.

ఈ రెండో కొలతకు అభిషేక్ కూడా సరిపోతాడు. 2022లో ఆరున్నర కోట్లకు వచ్చినవాడు, తర్వాత 14 కోట్లకు అట్టిపెట్టుకున్నారు. 2025 మొదట్లో వరుసగా విఫలమయ్యాడు. "పద్నాలుగు కోట్లు నీళ్ళల్లో పోసినారు" అని మా ఆయన రోజూ గుచ్చేవాడు. ఏప్రిల్ 12న పంజాబ్ మీద 55 బంతుల్లో 141 కొట్టి, జేబులోంచి అభిమానుల కోసం రాసుకున్న చీటీ తీసి చూపించాడు. వరుసగా ఓడిపోతున్న రోజుల్లో ఆ కాగితం జేబులో పెట్టుకుని దిగాడంటే వాడి ధైర్యానికి దండం పెట్టాలి.

ఇక మన విశాఖ పిల్లోడు నితీశ్ కుమార్ రెడ్డి. 20 లక్షలకు వచ్చాడు. కమిన్స్ ధరలో నూటికి ఒక వంతు కూడా కాదు. కొడుకు ఆట కోసం తండ్రి ముత్యాలరెడ్డి గారు హిందుస్తాన్ జింక్ ఉద్యోగం వదులుకున్నారు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద 114 కొట్టినప్పుడు, స్టాండ్స్‌లో ఆయన ఏడుస్తుంటే ఇక్కడ నేను కొంగుతో కళ్ళొత్తుకున్నాను. అప్పటికే అతని ధర 6 కోట్లయింది. 2025 ఐపీఎల్‌లో బ్యాటు పెద్దగా పలకలేదు. "ఆరు కోట్లకు తగడు" అన్నారు. నేననేది ఏమంటే, 20 లక్షలప్పుడు ఆ పిల్లోడు 20 లక్షల మనిషి కాదు, ఇప్పుడు 6 కోట్ల మనిషీ కాదు. ఆ తండ్రి ఉద్యోగం వదిలింది ఏ ధర చూసి? అప్పుడు ధరే లేదు కదా.

ఇంత క్రికెట్ పురాణం ఎందుకు విప్పానంటే, ఈ లెక్క ఇప్పుడు మా ఇంట్లోకే వచ్చింది.

మా పాప తొమ్మిదో తరగతి. సాయంత్రం మా వీధి చివర బయల్లో మగపిల్లలతో పాటు బంతి వేస్తుంది, స్పిన్. ఎండాకాలం సెలవుల్లో తిరుపతిలో కోచింగ్‌కి పోతానని సంక్రాంతి నుంచీ అడుగుతోంది. అత్తమ్మ "ఎండలో మాడి మసైపోతాది, రేపు ఎవురు చేసుకుంటారు?" అంది. మా ఆయన "ఫీజు, బస్సు, బూట్లు... ఇంత పెడితే ఏమొస్తాది?" అన్నాడు.

ఏమొస్తుందనే మాటకు జవాబు దగ్గర్లోనే ఉంది. మన పక్క కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి. ఎడమచేతి స్పిన్నర్. 2024 డిసెంబరులో మహిళల ఐపీఎల్ వేలంలో ఢిల్లీ 55 లక్షలకు కొనింది. 2025 ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. నవంబరు 2న మన ఆడపిల్లలు కప్పెత్తారు. రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్లు, కడపలో ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. ఆ నెలాఖరు వేలంలో ఢిల్లీ మళ్ళీ కోటీ 30 లక్షలకు తీసుకుంది.

మా పెద్దోడు ఈ లెక్కంతా ఫోన్‌లో చూపించగానే మా ఆయన మొహం మారిపోయింది. "అంత వస్తాదా? అయితే పంపిద్దాంలే" అన్నాడు.

పాప గంతులేసింది. నాకు మాత్రం ఆ 'సరే' గొంతులో ముల్లులా ఇరుక్కుంది. కోటీ 30 లక్షలు చూసి పంపే తండ్రి, రెండేళ్ళకు రూపాయి రాకపోతే ఏమంటాడు? "నీ మీద ఇంత పోశాను" అంటాడు. అప్పుడు ఆ పిల్ల తనను తాను అమ్ముడుపోని సరుకనుకుంటుంది. వేలంలో పేరు పిలిచినా ఒక్క చెయ్యీ లేవని ఆటగాళ్ళు ప్రతి ఏడూ ఎంతమంది ఉంటారో చూస్తున్నాం కదా. వాళ్ళూ ఏదో ఒక ఇంటి పిల్లలే.

అందుకే ఆ రాత్రి పళ్ళేలు తీసేశాక మా ఆయనతో చెప్పాను. "ఏమండీ, ఫీజు నా చీటీ డబ్బుల్లోంచి కడతా. కానీ ఒక మాట. ఏడాది దాకా ఈ ఇంట్లో ఎవరూ దాన్ని ఎంత వస్తుందని అడగకూడదు." "మరి దేనికి పంపేది?" అన్నాడు. "మొన్న ఆ పెద్దపిల్లోడు దాని బంతిని వరుసగా రెండుసార్లు గోడ దాటించినాడు. మగపిల్లలంతా నవ్వినారు. ఇది ఏడుస్తా ఇంటికి రాలేదు. బంతి ఎతుక్కొచ్చి, మళ్ళీ నేనే వేస్తానని నిలబడింది. అందుకు పంపేది" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ ధోనీకి మాత్రం ధర లేదంటావే ఎప్పుడూ, మొన్న నాలుగు కోట్లకే ఉంచుకున్నారు కదా" అని నేనే కదిపాను. ఐదేళ్ళకు పైగా దేశానికి ఆడనివాళ్ళను కొత్తవాళ్ళ లెక్కలో వేసే నిబంధన కింద చెన్నై ఆయన్ని 4 కోట్లకే అట్టిపెట్టుకుంది. "నాలుగు కోట్లేంది, నాలుగు రూపాయలైనా ధోనీ ధోనీనే!" అని రోషంగా అన్నాడు. "అదేనండీ నేను చెప్పేది కూడా" అన్నాను. నవ్వాడు. ఒప్పుకున్నట్టే లెక్క.

అత్తమ్మ ఇంకా సణుగుతూనే ఉంది. నిన్న మాత్రం పాప టోపీ ఎక్కడ పెట్టిందో తనే వెతికి బీరువా మీద నుంచి తీసిచ్చింది, ఎండ తగలకుండా ఉండటానికట.

మీ ఇళ్ళల్లోనూ ఇట్లాంటి పిల్లలుంటారు. బంతి కాకపోతే బొమ్మలు, బొమ్మలు కాకపోతే పాట. వాళ్ళ గురించి "ఏమొస్తుంది?" అనే ప్రశ్నకు మీరేం జవాబు చెప్తున్నారో రాయండి. అలాగే, భువీని వదలడం తప్పా కాదా అన్నది కూడా. ఆ విషయంలో మాత్రం నాతో వాదించి గెలవలేరని ముందే చెప్తున్నా.