బల్లార్షా గోడలు, గోదావరిఖని బస్టాండు

రామగుండంల రైలెక్కి ఉత్తరానికి పోతే బల్లార్షా వస్తది. అదీ బొగ్గు ఊరే, తెలుగు మాట చెవినపడే ఊరే. స్టేషన్ గోడల నిండా పులులు, అడవి బొమ్మలు. తాడోబా అడవే ప్లాట్‌ఫారం మీదికి నడిచొచ్చినట్టు ఉంటది. 2018ల రైల్వే పెట్టిన స్టేషన్ల అందాల పోటీల చంద్రాపూర్, బల్లార్షాలకే మొదటి బహుమతి. రెండో బహుమతి మధురైతో పాటు బిహార్‌ల మధుబనికి. అక్కడ 2017ల ఊరి కళాకారులే కూలి అడగకుండ గోడలకు రంగులేసిన్రు.

పారిస్ మెట్రోల ఇంకో పద్ధతి. 1997 నుంచి పాటగాళ్లకు పరీక్ష పెట్టి, నెగ్గినోళ్లకు స్టేషన్ల పాడుకునే అనుమతి ఇస్తున్నరు, సుమారు 300 మందికి. నాకిది మస్తు నచ్చింది. తరుముతరన్న భయం లేకుండ, తలెత్తుకొని పాడొచ్చు.

మన దిక్కు ఒగ్గు డోలు కొట్టే పిల్లలున్నరు, డప్పు మీద దరువేసే పిల్లలున్నరు. వాళ్లను చూసేది బోనాలకు, మల్లన్న పట్నాలకు, సభలకే. గోదావరిఖని బస్టాండుల సాయంత్రం అరగంట, ఒక మూలకు ఇంత జాగ ఇస్తే చాలు. బసంత్‌నగర్ బస్సు కోసం నిలబడ్డోళ్లందరూ వింటరు. బస్సు లోపల మాత్రం వద్దు. రాత్రి షిఫ్టు దిగినోళ్లు కునుకు తీసేది అక్కడనే.

గోడలు సింగరేణి కాలనీల పిల్లలకియ్యాలె. బాయి, టోపీ లైటు, గోదావరి, వాళ్లకు తెలిసిందే గీస్తరు. డిపో మేనేజర్ సార్‌కు దరఖాస్తు రాస్తున్న. సంతకం పెట్టేటోళ్లు ఈ ఆదివారం లోపల చెప్పున్రి.