అమ్మీ ఊరు, 1:25

సినిమాలో దేన్నైనా చిన్నగ చేయొచ్చు గానీ నీళ్లను చేయలేం. ఇల్లు చిన్నగైతది, వేపచెట్టు చిన్నగైతది, మస్జిద్ మినార్ అగ్గిపెట్టె మీద నిలబడతది. నీటి చుక్క మాత్రం ఖుదా ఇచ్చిన సైజులోనే ఉంటది. 4 మిల్లీమీటర్ల చుక్క, 25వ వంతుకు కుదించిన ఊరి మీద పడితే, చూసేటోళ్ల కంటికి అది బత్తాయి కాయంత చుక్క. ఆ ఒక్క చుక్కతో రాజ్ అంతా ఫాష్. ఇది బొమ్మల ఊరని చిన్నపిల్లలు సుత చెప్పేస్తరు.

ఈ ముసీబత్ మా భాంజా నెత్తికెత్తుకున్నది. వాడు తీస్తున్న షార్ట్ ఫిల్మ్ మునిగిపోయిన ఊరి మీద. కొల్లాపూర్‌లో ఉండేటోళ్లకు ఆ కిస్సా నేను చెప్పనక్కర్లేదు. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిండు. 1981లో కృష్ణ నీళ్లు వెనక్కి ఎక్కి, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు 100 ఊళ్లను కలుపుకున్నయి. అండ్ల మా అమ్మీ మైకా ఒకటి. ఆ ఊరి ఫోటో మా ఖాందాన్‌లో ఒక్కటి లేదు. కెమెరా ఎవరి దగ్గర ఉండె అప్పుడు?

కంప్యూటర్‌లో చేయొచ్చు కదరా అన్న. "చేయొచ్చు మామూ, కానీ నానీ చెయ్యి పెట్టి జరపలేదు కదా" అన్నడు. వాని మాట సహీ. స్క్రీన్ ముందు కూర్చుంటే అమ్మీ ఐదు నిమిషాల్లో కళ్లద్దాలు తీసేస్తది. మట్టి ముందు కూర్చుంటే అసర్ నుంచి మగ్రిబ్ దాకా లేవదు.

ఈ హునర్ మనకు కొత్తదేం కాదు. 1957లో 'మాయాబజార్' కోసం మద్రాసు వాహినీ స్టూడియోలో ద్వారకను 50 అడుగులకు 60 అడుగుల జాగాలో దాదాపు 300 బుల్లి ఇండ్లతో కట్టిన్రు. మార్కస్ బార్ట్‌లీ కెమెరాలో అది నగరమైంది. అంతకు మూడేండ్ల ముందు జపాన్‌లో 'గాడ్జిల్లా' కోసం ఎయిజి సుబురాయా టోక్యోను చిన్నగ కట్టి పెద్దగ కూలగొట్టిండు. ఆయన స్కేలు 1:25. మా వాడు అదే పట్టుకున్నడు. అసలు సంగతి అడిగితే, బొమ్మ చేసి దాని చుట్టూ కన్నీళ్లు పెట్టుకోవడం మన మొహర్రంలోనే ఉంది. తాజియా అంటే ఏంది? వెదురు బద్దలు, రంగు కాయితాలతో కట్టిన ఇమామ్ హుసేన్ రౌజా. కర్బలా దూరమైనోళ్లు కర్బలాను చేతుల్లో పట్టేంత చేసుకున్నరు.

బొమ్మలు చేయడం జాయెజేనా అని మా రిష్తేదార్ ఒకాయన ఫోన్ చేసి మరీ అడిగిండు. ఇండ్లు, చెట్లు, రాళ్లు. రూహ్ ఉన్నది ఒక్కటి చేయలేదు భాయ్, మనుషులు లేరు, కోడిపిల్ల సుత లేదు అన్న. ఖాళీ చేసిన ఊరే కదా మాకు కావాల్సింది.

మొత్తం ఊరు మా తాకత్‌కు మించింది. ఒక్క మొహల్లా పట్టుకున్నం. 12 అడుగులకు 8 అడుగులు, అంటే అసలు నేల మీద 300కు 200. పది అడుగుల గోడ ఐదించులకు కొంచెం తక్కువైంది. గోడలకు థర్మకోల్ వద్దే వద్దన్నడు భాంజా, అది నీళ్లలో తేలుతది. ఎర్రమట్టి, సన్నగ తుంచిన వరిగడ్డి కలిపి, మామిడికాయల డబ్బా అట్టలతో అచ్చులు చేసి పోసినం. వేపచెట్టుకు ఎండిన సబ్జా కొమ్మ. ఆకులకు మునగాకు ఎండబెట్టి నలిపి, జిగురు మీద చల్లినం. దారుల మీద కోతమిషన్ నుంచి తెచ్చిన రంపపు పొట్టు, మన్ను కలిపి జల్లెడ పట్టినం. పైసల ఖర్చు తక్కువ, సబర్ ఖర్చు ఎక్కువ.

పంచాయితీ వచ్చింది పీర్ల చావిడి దగ్గర. నానా అక్కడ ముజావర్. అలావా చావిడికి ఎదురుంగ ఉండెనని అమ్మీ. కాదు, వేపచెట్టు పక్కకు జరిగి ఉండెనని అదే ఊరి నుంచి వచ్చి కాలనీలో ఉంటున్న పటేల్ చాచా. ఆయన చిన్నప్పుడు పీర్లెత్తిన మనిషి, ఆయన మాటను కాదనలేం. గంటసేపు బహస్. చివరికి అమ్మీ రెండు వేళ్లను మనిషి కాళ్ల లెక్క బొమ్మ ఇంటి గడప మీద పెట్టి, బాయి దాకా నడిపించింది. సగం దారిలో వేళ్లు వాటంతట అవే ఎడమకు తిరిగినయి. "ఇక్కడ తిరుగుతుంటిమి, నిప్పుల గుంత తగలకుండ" అన్నది. పటేల్ చాచా తల గోక్కొని, "అవునమ్మా, ఇక్కడ్నే" అన్నడు. అలావా అక్కడే తవ్వినం, చెంచాతో.

ఇంక నీళ్ల సంగతి. పెద్ద అల వచ్చి ఊరిని కొట్టుకుపోవాలని భాంజా ప్లాను. అమ్మీ నవ్వింది. "పానీ దౌడ్‌కే నై ఆయా బేటా. చుప్‌కే సే ఆయా." పరుగెత్తుకుంట రాలేదు, చప్పుడు చేయకుండ వచ్చిందట. పొద్దున గడప కింద ఉన్నది, సాయంత్రానికి గడప మీద. ఇంకో మాట సుత అన్నది. "ఇండ్లకు పైకప్పులెందుకు పెట్టిన్రు? దూలాలు, తలుపులు, చౌకట్లు అన్నీ పీకి బండ్లకెత్తుకున్నంక వచ్చినయి నీళ్లు." భాంజా మూడు వారాలు కష్టపడి వేసిన కప్పులన్నీ ఆ రాత్రే తీసేసిండు. తలుపుల్లేని, నెత్తి లేని గోడలు. అప్పుడు గానీ ఆ బొమ్మను చూస్తే నా దిల్ బరువెక్కలేదు.

అల లేకపోతే చుక్కల గొడవ సగం తగ్గింది. మట్టి గోడ నాని కూలే షాట్ మాత్రం ఉండాలె. దాని హిసాబ్ చూడండి. పది అడుగుల పైనుంచి రాలిన పెళ్ల నేలకు చేరడానికి దాదాపు 0.8 సెకను పడుతది. మా ఐదించుల గోడ మీది నుంచైతే 0.16 సెకనే. ఐదింతలు తొందర. 25కు వర్గమూలం 5 కదా, అందుకని. మామూలు సినిమా సెకనుకు 24 ఫ్రేములు. మేం 120 ఫ్రేముల్లో తీసి 24లో చూపిస్తే, పెళ్ల పది అడుగుల బరువుతో పడుతది. ఆ 120 ఇప్పుడు మామూలు ఫోన్లలోనే ఉంది. ఫోన్ సెన్సార్ చిన్నది కాబట్టి ముందున్న గోడ, వెనకున్న చెట్టు రెండూ సాఫ్‌గ కనబడతయి. పెద్ద కెమెరాతో వెనకంతా అలుక్కుపోయి బొమ్మ అని తెలిసిపోతది. ఫోన్‌ను తలకిందులుగ పెట్టాలె. అప్పుడు లెన్స్ నేలకానుకొని, రెండున్నర ఇంచుల మనిషి నజర్ ఎత్తులో ఉంటది.

ఒక దోస్త్ మామిడి తోటలో ఇటుకలు పేర్చి, టార్పాలిన్ పరిచి హౌజ్ చేసినం. ఆరించుల లోతు నిండాలంటే 1,300 లీటర్లకు పైనే. నీళ్ల తోలు తెగి గోడలు సన్నగ తడవాలని కాస్త షాంపూ కలిపినం, నురగ రానంత. పైపుల మూతులకు గోనెసంచులు కట్టి కిందినుంచి వదలాలని తయారైనం. ఎండ మంచిగ ఉంది. మళ్లీ కట్టే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి ఒకటే టేక్.

"జర ఆగు" అన్నది అమ్మీ.

ఖబ్రస్తాన్ మూలలో 11 చిన్న మట్టి గుబ్బలుండె. నానా ఖబర్, ఇద్దరు పసిపిల్లలవి, మిగిలినవి పెద్దోళ్లవి. జటప్రోలు గుళ్లను, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికి నంబరేసి విప్పి, వేరే చోట మళ్లీ పేర్చిన్రు. కూడవెల్లి గుడి ఇప్పుడు ఆలంపూర్‌లో ఉంది. అది మంచి పని, ఆ కారీగర్లకు సలాం. మా ఖబర్‌లను జరపలేదు. జరపడానికి అండ్ల రాళ్లు సుత లేకుండె, మట్టే.

అమ్మీ చెప్పులు విడిచి హౌజ్ అంచు మీద కూర్చుంది. చాయ్ పళ్లెం తెమ్మన్నది. ఫాతిహా చదువుకుంట ఒక్కో గుబ్బను రెండు వేళ్లతో లేపి పళ్లెంలో పెట్టింది. రెండు విరిగినయి. విరిగిన మట్టిని సుత ఎత్తింది. ఖబ్రస్తాన్‌కు కట్టిన బుల్లి గోడ, గోరింటాకు చెట్టు, మధ్యన 11 గుంతలు మిగిలినయి.

"కంటిన్యూటీ పోతది నానీ" అన్నడు భాంజా, మెల్లగ. ముందు తీసిన షాట్లలో ఖబర్‌లున్నయి మరి.

"పోనీ" అన్నది.

పైపులు తెరిచినం. నలభై నిమిషాలకు గోడలు మునిగినయి. మూడే గోడలు కూలినయి, మిగిలినవి నిలబడే మునిగినయి. ఖాళీ ఖబ్రస్తాన్ ఫ్రేములో సాఫ్‌గ పడింది. ఎడిటింగ్‌లో తీసేస్తడేమో అనుకున్న. తీయలేదు. 14 సెకన్లు అట్లనే ఉంచిండు.