కౌబాయి చిత్రప్రియులగు మిత్రులకు

మా రెడ్డిగూడెపు కౌబాయి చిత్రప్రియులారా, 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వమున, ఆరుద్ర రచనతో, రాజస్థాన్ ఎడారులలో కృష్ణ గుఱ్ఱమెక్కి విహరించిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ మీ హృదయములను హరించియున్నచో, దాని ప్రేరణములలో ఒకటియగు సెర్జియో లియోనీ చిత్రము ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966)ని తప్పక చూడుడు. శ్మశానమధ్యమున మువ్వురు శత్రువులు ఒండొరులను తేఱిపాఱ జూచుకొను తుది ఘట్టమున, వారి మౌనమునకు మొరికోనీ సంగీతమే వాక్కగును. పిదప ‘హై నూన్’ (1952): ఊరంతయు విడనాడినను కర్తవ్యమును వీడని గ్యారీ కూపర్ ముఖమొక్కటియే చాలును. జాన్ ఫోర్డ్ ‘ది సెర్చర్స్’ (1956), నా దృష్టిలో వీనియన్నిటిలో మిన్న, వీలైనంత పెద్ద తెరపై చూడదగినది. ప్రతీకారాగ్నిలో దహించుకొనిపోవు ఈథన్ పాత్రలో జాన్ వేన్ నాయకుడో క్రూరుడో నేటికిని నేను నిర్ణయింపజాలకున్నాను.