రోడ్డే క్వారీ

పొద్దున్న ఏడింటికి వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో బయల్దేరాం. నేను, మా ఆవిడ, అబ్బాయి, కోడలు. మా కాళ్ల దగ్గర పులిహోర డబ్బా. వెళ్తున్నది అదే రాష్ట్రంలో నైరుతి దిక్కున ఉన్న నేచురల్ బ్రిడ్జ్‌కి. సున్నపురాతి కొండను వాగు తొలిచేస్తే మిగిలిన సహజమైన వంతెన అది. 1774లో థామస్ జెఫర్సన్ దాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నాడు.

"నాన్న వంతెన కోసం రావట్లేదు, దారిలో రోడ్డు కోసం వస్తున్నాడు," అన్నాడు అబ్బాయి కోడలితో.

నిజమే. ముప్పై రెండేళ్లు రోడ్లే వేయించినవాణ్ణి. రిటైరయ్యాక కూడా ఎక్కడికెళ్లినా ముందు కళ్లు కిందికే పోతాయి. మావాళ్లు వర్జీనియాలో స్థిరపడ్డారని తెలిసినప్పటినుంచీ ఇంటర్‌స్టేట్ 81 మీద ఒక నాలుగు మైళ్ల ముక్క చూడాలని మనసులో ఉంది. చూడ్డానికి అక్కడ ఏమీ ఉండదని నాకు తెలుసు. అయినా సరే.

ఇంటర్‌స్టేట్ 66 మీద వెళ్లి, అది 81లో కలిసేచోట దిక్కు మార్చి దక్షిణానికి తిరిగాం. ఎడమ పక్క బ్లూ రిడ్జ్ కొండలు, కుడి పక్క అలెఘనీలు, మధ్యలో షెనండోవా లోయ. అక్టోబరు కావడంతో చెట్లన్నీ పసుపూ కుంకుమా చల్లినట్టున్నాయి. ఆవిడ వాటిని చూస్తోంది. నేను లారీలు లెక్కపెడుతున్నాను. ఈ రోడ్డు మీద పోయే ప్రతి నాలుగు బళ్లలో ఒకటి లారీ. అవీ మన టిప్పర్లలాంటివి కావు, పద్ధెనిమిది చక్రాల రైలు పెట్టెలు. 1960లలో వేసిన రోడ్డు ఇంత బరువు మోయాల్సి వస్తుందని వేసినవాళ్లు అనుకుని ఉండరు. లారీలన్నీ కుడి లేన్ పట్టుకునే పోతాయి కాబట్టి ముందు చచ్చేది కుడి లేనే.

స్టాంటన్ వచ్చింది. రాతలో మధ్యన ఒక 'యు' ఉంటుంది గానీ అది పలికితే ఊరివాళ్లు నవ్వుతారట. అది దాటాక మింట్ స్ప్రింగ్ దగ్గర 217వ ఎగ్జిట్ బోర్డు కనబడింది. అక్కణ్ణుంచి గ్రీన్‌విల్ దాకా దక్షిణానికి పోయే దారి, సుమారు 3.7 మైళ్లు. 2011లో వర్జీనియా రవాణా శాఖ ఈ ముక్కను బాగుచేసింది. కొత్త కంకరతో కాదు, ఆ రోడ్డునే తవ్వి, ఆ రోడ్డుతోనే.

"కాస్త నెమ్మదిగా పోనీరా," అన్నాను.

"నాన్నా, ఇది హైవే. నెమ్మదిగా పోతే వెనకనుంచి గుద్దుతారు."

నాలుగు నిమిషాల్లో అయిపోయింది. నున్నగా, నల్లగా, చప్పుడు లేకుండా. మా ఆవిడ "ఇదేనా?" అంది. ఇదే.

ఆ నాలుగు నిమిషాల్లో చక్రాల కింద ఏముందో కోడలు అడిగింది. అడగాలే గానీ నాకు నోరాగదు. రోడ్డుకు అడుగున పుండు పెట్టుకుని పైన ఎన్ని కట్లు కట్టినా లాభం ఉండదు. ఇక్కడ కుడి లేన్‌కి జబ్బు అడుగుదాకా పోయింది. మామూలుగా అయితే మొత్తం తవ్వి ఎత్తిపోసి, క్వారీనుంచి కొత్త కంకర, ప్లాంటునుంచి కొత్త తారు తెచ్చి పోయాలి. వీళ్లు పై పది అంగుళాలు గీకి కుప్ప పోసుకున్నారు. దాని కింద పన్నెండు అంగుళాల మట్టీ కంకరా ఉన్నచోటనే పొడిచేసి, సున్నం బట్టీల పొడీ సిమెంటూ కలిపి గట్టిపరిచారు. కుప్పలోని పాత తారు పొడిని దగ్గర్లోనే పెట్టిన ప్లాంటులో, వేడి చేయకుండా, కొత్తగా రెండు శాతం తారూ ఒక శాతం సిమెంటూ కలిపి మళ్లీ తెచ్చి పరిచారు. ఎడమ లేన్‌కి అంత జబ్బు లేదు కాబట్టి పైన కొంచెం గీకేసి, తర్వాతి ఐదు అంగుళాలను ఉన్నచోటే తిరగేశారు. చివరికి అన్నిటి మీదా మామూలు తారు పొర. ఈ మూడు పద్ధతులూ కలిపి ఒకే ఇంటర్‌స్టేట్ పనిలో వాడటం అమెరికాలో అదే మొదలు.

"వేడి చేయకుండా తారు ఎలా కలుస్తుంది మావయ్యగారూ?"

మంచి ప్రశ్న. కొత్తగా కలిపే ఆ రెండు శాతం తారును మాత్రం కాస్తారు. సలసలా కాగుతున్న తారులోకి కొద్దిగా చన్నీళ్లు చిమ్మితే పాలు పొంగినట్టు ఒక్కసారి పొంగుతుంది. ఆ నురగ చల్లటి పొడికి కూడా పట్టుకుంటుంది. పొంగు చల్లారేలోపు కలిపేయాలి, అంతే కిటుకు. మిగతా తొంభై ఏడు శాతం సరుకుకు పొయ్యి అక్కర్లేదు.

ఆ పొయ్యి ఎంత తింటుందో నాకు తెలుసు, నా చేత్తో బిల్లులు రాశాను కనుక. ఒక లేన్, మూడున్నర మీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల మందం, ఒక కిలోమీటరు పొడవు: పన్నెండు వందల టన్నుల సరుకు. పది టన్నుల టిప్పర్లయితే నూట ఇరవై ట్రిప్పులు. మా గోదావరి జిల్లాలో లంక ఊళ్లకు క్వారీ అరవై డెబ్భై కిలోమీటర్లు. వచ్చేటప్పుడు నిండుగా, పోయేటప్పుడు ఖాళీగా. హాట్ మిక్స్ ప్లాంటులో కంకర తడి ఆరి నూట యాభై డిగ్రీలకు ఎక్కాలంటే టన్నుకు ఆరేడు లీటర్ల ఆయిల్ కాలుతుంది. అంటే కిలోమీటరుకు ఏడెనిమిది వేల లీటర్లు. అది ఇరవై టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడయి గాల్లో కలుస్తుంది. తారు ఐదు శాతం లెక్కన అరవై టన్నులు కావాలి. ఇక్కడి పద్ధతికి ఇరవై నాలుగు చాలు.

కారులో కాగితం మీద ఇదంతా వేస్తుంటే ఒకచోట పెన్ను ఆగింది. సిమెంటు. ఒక శాతమంటే పన్నెండు టన్నులు. టన్ను సిమెంటు తయారుకావడానికి దాదాపు అంత బరువు కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. పొయ్యి దగ్గర మిగిల్చినదాంట్లో సగం సిమెంటు తినేసింది. పైన వేసిన కొత్త తారు పొర లెక్క మళ్లీ వేరు. కాబట్టి ఇదేదో గాలికి ఖర్చులేని రోడ్డని ఎవరైనా అంటే నేను ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, సంతకం పెట్టను. కానీ కొండ పగలగొట్టలేదు, నూట ఇరవై టిప్పర్లు తిరగలేదు, అరవై టన్నుల చోట ఇరవై నాలుగు. అది నిజమైన మిగులు.

చల్లగా కలిపింది లారీలకు తట్టుకుంటుందా అన్న అనుమానం వర్జీనియా రవాణా శాఖ వాళ్లకూ వచ్చింది. అలబామాలో ఆబర్న్ యూనివర్సిటీ వాళ్ల పరీక్ష ట్రాక్ ఉంది, 1.7 మైళ్ల గుండ్రటి దారి. 2012లో అక్కడ ఇదే రకం ముక్కలు వేసి, బరువెక్కించిన లారీలను గానుగెద్దుల్లా తిప్పించారు. నిలబడ్డాయి. ఆ ధైర్యంతోనే విలియమ్స్‌బర్గ్ దగ్గర ఇంటర్‌స్టేట్ 64 వెడల్పు చేసినప్పుడు మళ్లీ వాడారు. చల్లటి పద్ధతి సంగతి అలా ఉంచితే, ఈ దేశంలో ఏటా వేసే మామూలు తారు మిశ్రమంలోనూ ఐదో వంతుకు పైగా పాత రోడ్ల పొడే ఉంటుంది.

గ్రీన్‌విల్ ఎగ్జిట్‌లో దిగి పెట్రోలు బంకులో ఆగాం. వాళ్లు పులిహోర విప్పే పనిలో ఉంటే నేను బంకు వెనక్కి నడిచాను. లారీలు ఆపుకునే జాగాలో నేలంతా నల్ల గులక. వంగి ఒక ముక్క తీశాను. గీకిన రోడ్డు పొడే! గీకగా మిగిలినది ఇక్కడ ఇలా పార్కింగులకూ పొలాల బాటలకూ పోస్తారు. రేగుపండంత ఉంది. మూడు చిన్న రాళ్లను తారు కరుచుకుని ఉంది. ఒక రాయి మీద మిల్లింగ్ మిషను పన్ను దిగిన గీత, తెల్లగా, నిన్ననో మొన్ననో పడ్డట్టు. ఎండ తగిలే వైపు కాస్త మెత్తబడి వేలికి జిగురంటింది. వాసన చూశాను. మండుటెండలో రోలరు వెనక నడిచిన రోజులన్నీ ముక్కులోకి వచ్చాయి. ఎన్నో ఏళ్లు లారీల కింద నలిగినా తారులో ఇంకా జిగురుంది, రాయి ఇంకా రాయిలాగే ఉంది. మనం దీన్ని చెత్త అనుకుని పాతిపెట్టాం.

పాతిపెట్టాం కూడా కాదు, దాని మీదే ఇంకో రోడ్డు పోశాం. ఆ ఓవర్‌లే ఎస్టిమేట్లు నేనూ రాశాను. గీకడమన్న ఐటమ్ పెడితే రేటు పెరుగుతుంది, ఫైలు తిరిగొస్తుంది. పైన రెండు అంగుళాలు పోస్తే అందరికీ సుఖం. తారు పొరల పునర్వినియోగానికి మనకు 2015లోనే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నుంచి ఐఆర్‌సీ 120 అని పుస్తకం వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో పల్లె రోడ్లను ఉన్నచోటే పొడిచేసి సిమెంటుతో గట్టిపరుస్తున్నారు కూడా. నేను మాత్రం రిటైరయ్యేదాకా పొర మీద పొర వేయిస్తూ పోయాను. మా నాన్న కట్టించిన ఇంటికి వీధిలోంచి నాలుగు మెట్లు ఎక్కేవాళ్లం. ఆ వీధికి మూడు ఓవర్‌లేలు పడ్డాయి, అందులో ఒకటి నా హయాంలోదే. వానొస్తే అరుగు మీదికి నీళ్లొస్తాయని తమ్ముడు ఏటా అంటాడు, నా మొహం చూడకుండా.

ఇక్కడ పదైతే అక్కడ రాత్రి ఏడున్నర. ముక్కను జేబులో వేసుకుని తమ్ముడికి వీడియో కాల్ చేశాను.

"ఏరా, మన వీధి రోడ్డుకీ గడపకీ ఇప్పుడు తేడా ఎంతుంటుంది?"

"అమెరికానుంచి ఇదా అన్నయ్యా అడిగేది?"

"చెప్పరా."

"మొన్ననే కొలతలు తీసుకెళ్లారు, మళ్లీ పోస్తారట. ఉండు," అని టేపు కోసం లోపలికెళ్లాడు. ఫోన్ అరుగు మీద పెట్టేసినట్టున్నాడు, వీధి దీపమూ దాని చుట్టూ పురుగులూ కనిపిస్తున్నాయి. ఇటు కోడలు పులిహోర ప్లేటు చేతికిచ్చి, జేబు దగ్గర నల్లగా ఏమైందని అడిగింది.