అన్నా పిట్ట

పోయిన నెలలో మూడు సార్లు ఫస్ట్ అవర్‌కి లేటుగా వచ్చాను. మేడం అడిగితే "బస్సు పోయింది మేడం" అన్నాను. అది నిజమే. కానీ బస్సు ఎందుకు పోయిందో క్లాసు వాకిట్లో నిలబడి చెప్పే సంగతి కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా అక్కకు పెళ్ళయి రెండేళ్ళు కావస్తోంది. బావకు అమెరికాలో ఉద్యోగం, కాలిఫోర్నియాలో శాక్రమెంటో అనే ఊరు. అక్క ఎం.కాం. చదివి హోసూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో లెక్కలు చూసేది. అక్కడ ఆమెకున్న వీసా మీద ఉద్యోగం చేయడానికి లేదు. బావ పొద్దున పోతే సాయంత్రం దాకా ఒక్కతే. మాకు పొద్దున ఏడున్నర అయితే వాళ్ళకు ముందురోజు సాయంత్రం ఏడు. రోజూ ఆ టైముకే ఫోను. మా ఇంట్లో నాన్న తమిళం, అమ్మా అవ్వా తెలుగు. "సాప్టియా?" అని నాన్న, "తిన్నావా?" అని అమ్మ, ఒకే ప్రశ్న రెండు సార్లు అడుగుతారు. అక్క రెండిటికీ కలిపి "ఆఁ, అయింది" అంటుంది. తర్వాత ఎవరికీ మాటలుండవు. నా బస్సు ఎనిమిది పదికి. కానీ ఏడూ నలభైకే "అక్కా, బస్సొచ్చింది" అని ఫోను అమ్మకిచ్చేసేదాన్ని.

జూన్‌లో అక్క వెనక ఖాళీ స్థలంలో ఒక ఎర్ర బాటిల్ వేలాడదీసింది. హమ్మింగ్ బర్డ్‌కి చక్కెర నీళ్ళు పెట్టేది. ఒక పాలు చక్కెర, నాలుగు పాళ్ళు నీళ్ళు, అంతే. రంగు కలపకూడదు, తేనె పోస్తే బూజు పట్టి పిట్టకు జబ్బు చేస్తుందట. రెండో రోజే పిట్ట వచ్చింది. వీడియో కాల్‌లో చూపిస్తే మా నాన్న "నమ్మ తేన్‌సిట్టు దాన్ ఇదు" అన్నాడు. మన తేనెపిట్ట కాదు. చూడడానికి అట్లా ఉంటుంది గానీ చుట్టరికం లేదు. హమ్మింగ్ బర్డ్‌లు ఉత్తర, దక్షిణ అమెరికాల్లో తప్ప ఎక్కడా లేవు. మన తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద కూర్చుని తాగుతుంది, అది గాల్లో ఒకే చోట నిలబడి తాగుతుంది. బరువు నాలుగు గ్రాములు.

అక్క దగ్గరికి వచ్చేది అన్నాస్ హమ్మింగ్ బర్డ్. ఎప్పుడో ఒక ఫ్రెంచి దొరసాని అన్నా పేరు పెట్టారు. మా అవ్వకు ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. "ఆడమనిషి పేరు అన్న ఏందే? తమ్ముడు యాడుండాడు?" అని ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అది అన్నా పిట్ట. అక్క మాటలు కూడా మారినాయి. ఇవాళ ఎన్నిసార్లు వచ్చింది, ఏ పిట్ట ఇంకో పిట్టను తరిమింది, అన్నీ చెప్పేది. నాకు అప్పుడు అర్థం కాలేదు గానీ, పెళ్ళయినాక అక్క తనంతట తాను ఏదైనా చెప్పడం అదే మొదలు.

ఆగస్టు చివరలో తేనెటీగలు వచ్చినాయి. మొదట నాలుగైదు. వారానికల్లా బాటిల్ కింది భాగం కనపడలేదు, నల్లగా కదులుతా ఉంది. పిట్ట వచ్చి చూసి, పక్కకు జరిగి, ఇంకోసారి చూసి పోయేది. కొన్ని ఈగలు లోపల పడి చచ్చి తేలుతున్నాయి. అక్క భయపడుతూనే వాటిని స్పూనుతో తీసేది.

అవ్వ పుట్టింట్లో చెరుకు తోట ఉండేది. బెల్లం కాచేటప్పుడు పెనం చుట్టూ ఈగలు మూగితే, పైకొచ్చిన మడ్డి తీసి దూరంగా ఒక మూకుట్లో పెట్టేవాళ్ళట. "వాటిగ్గూడా వేరేగా పెట్టు బిడ్డా. ఆకలైతే వస్తాయి గానీ నీ మీద పగతో వస్తాయా?" అంది. అక్క ఒక ప్లేటులో చిక్కటి పాకం పోసి గోడ దగ్గర పెట్టింది. మూడు రోజుల్లో ఈగలు రెండింతలైనాయి. ప్లేటు మీదా, బాటిల్ మీదా. పక్కింటి చిన్నపిల్లాడు బయట ఆడుకోవడం మానేశాడు. అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి తీసేయమని కాగితం వచ్చింది. అక్క తీసేసింది.

మర్నాడు ఫోనులో అక్క ఏడ్చింది. బాటిల్ లేదు, ఖాళీ కొక్కెం మాత్రం ఉంది. ఈగలు అక్కడే, లేని బాటిల్ చుట్టూ తిరుగుతున్నాయి. పిట్ట కూడా వచ్చి, బాటిల్ ఉండే చోట గాల్లో నిలబడి, అటూ ఇటూ చూసి పోయిందట. నాకు ఆ రోజు ఇంటర్నల్ టెస్టు. "పిట్టకీ ఈగలకీ ఎవరైనా ఏడుస్తారా అక్కా? నీకు పని లేదు కాబట్టి ఇదంతా" అన్నాను.

అక్క ఏమీ అనలేదు. ఫోను పెట్టేసింది. మరుసటి రోజు చేయలేదు. ఆ మరుసటి రోజూ లేదు. అమ్మకు మెసేజ్ మాత్రం పెట్టేది, "తలనొప్పిగా ఉంది, రేపు చేస్తా" అని. తొమ్మిది రోజులు. అమ్మకు నేనేమన్నానో చెప్పలేదు. అవ్వ మాత్రం కాఫీ తాగుతా నా వైపే చూసేది.

"పని లేదు" అనే మాట అక్కకు ఎట్లా తగిలిందో మా హోసూరు ఇల్లు చూసినవాళ్ళకు తెలుస్తుంది. మా హాల్లో ఫ్యాను ఆమె మొదటి జీతంతో కొన్నది.

సారీ అని టైపు చేసి చెరిపేస్తా ఉన్నా. చివరకు లైబ్రరీలోనూ ఫోనులోనూ ఈగల గురించి చదవడం మొదలుపెట్టా. ఉత్త సారీతో పోవడానికి మొహం చెల్లలేదు. శాక్రమెంటోలో ఎండాకాలమంతా వాన ఉండదు. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి పూలు తక్కువ, తుట్టెల్లో ఈగలు ఎక్కువ. ఒక ఈగకు తీపి దొరికితే తుట్టెకు పోయి నాట్యం చేసి మిగతావాటికి దిక్కూ దూరమూ చెబుతుంది. ఇది కనిపెట్టిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ ఇచ్చారు. అవ్వ చెప్పిన ప్లేటు ఎందుకు ఎదురు తిరిగిందో అప్పుడు తెలిసింది. చిక్కటి పాకం పెట్టి మనమే నాట్యం చేయించాం. ఇంకో సంగతి. ఆ ఈగలు కూడా ఆ దేశానివి కావు. 1622లో ఇంగ్లీషువాళ్ళు ఓడలో వర్జీనియాకు తీసుకుపోయారు. పిట్ట అక్కడిది, ఈగ వలస వచ్చింది. మా అవ్వ ముత్తాతలు ఎప్పుడు ఈ సీమకు వచ్చారో మాకెవరికీ తెలియదు, ఇప్పటికీ తెలుగే మాట్లాడుకుంటున్నాం, కాబట్టి ఈగల మీద నాకు కోపం రాలేదు.

పనికొచ్చే సంగతులు కూడా దొరికినాయి. తలకిందులుగా వేలాడే బాటిల్‌లో ఎండకు గాలి వ్యాకోచించి చక్కెర నీళ్ళు బయటికి కారుతాయి. ఈగలను పిలిచేది ఆ కారడమే. పళ్ళెం లాంటి ఫీడర్‌లో నీళ్ళు కన్నాలకు బాగా కిందుగా ఉంటాయి. ఈగ నాలుక ఆరేడు మిల్లీమీటర్లే, అందదు. పిట్టకు అందుతుంది. ఈగలకు ఎరుపు కనపడదు, పసుపు బాగా కనపడుతుంది. అక్క బాటిల్‌కి కన్నాల చుట్టూ పసుపు ప్లాస్టిక్ పూలున్నాయి! ఇవన్నీ ఒక వాయిస్ మెసేజ్‌లో చెప్పి, చివర "అట్లా అని ఉండకూడదు అక్కా" అన్నా. ఆ మెసేజ్ నాలుగు నిమిషాలు వచ్చింది.

రాత్రి దాకా జవాబు లేదు. పడుకోబోయే ముందు ఒక ఫోటో వచ్చింది. పసుపు పూలు పీకేసి వరుసగా టేబుల్ మీద పెట్టి ఉన్నాయి. మాట ఏమీ లేదు.

అక్క పళ్ళెం రకం కొనింది. ఆఫీసుకు పోయి చూపించి, ఈగలు మళ్ళీ వస్తే తీసేస్తానని చెప్పి ఒప్పించింది. ఇంగ్లీషులో అంతసేపు ఒక్కతే మాట్లాడడం అదే మొదటిసారట. దాన్ని పాత చోట కాకుండా వంటింటి కిటికీ పక్క నీడలో కట్టింది. అవ్వ మాట కూడా పూర్తిగా పోలేదు. కుండీలో తులసి వేసి, వెన్నులు తుంచకుండా వదిలేసింది. ఈగలు ఇప్పుడు దాని మీద ఉంటాయి.

కానీ పిట్ట వారం దాకా రాలేదు. తర్వాత ఒక రోజు అక్క ఏడున్నరకు చేయలేదు, ఎనిమిదికి చేసింది. అక్కడ చీకటి పడుతోంది, ఈగలు తుట్టెకు పోయినాయి. ఆ పిట్ట రాత్రంతా ఏమీ తాగకుండా ఉంటుంది కాబట్టి, పడుకోబోయే ముందు కడుపు నిండా తాగుతుంది. అక్క ఫోను కిటికీకి ఆనించి పెట్టింది. స్క్రీన్‌లో ఏమీ సరిగ్గా కనపడలేదు, గాజు మీద అక్క మొహం మాత్రం కనపడింది. అవ్వ కాఫీ పక్కన పెట్టేసింది. నేను బ్యాగు భుజాన వేసుకుని నిలబడే చూస్తున్నా.

"వస్తుంది, ఉండు" అంది అక్క.

ఎనిమిది పది దాటింది. రోడ్డు మీద బస్సు హారన్ వినపడింది.

"నీ బస్సు కదే?"

"కాదక్కా" అన్నా.